ఉప్పెనకు ముందు ఇల్లు: ఓరుగంటి చెరువులనుండి దివిసీమ వరకు

ఓరుగల్లు సముద్రమునకు దూరమైన సీమ. ఇక్కడినుండి బందరు తీరమునకు పోవలెనన్న రెండువందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. అందుచేత ఉప్పెన అనుమాట ఇచటి ముసలివారి ముచ్చటలలో అరుదు. చెరువు తెగుట, వాగు పొంగుట, మత్తడి దూకుట అనునవే ఈ నేలకు తెలిసిన భయములు. అయినను నీటికి జిల్లాల సరిహద్దులు లేవు. పాకాల చెరువు ప్రాంతమున పుట్టిన మున్నేరు ఖమ్మము మీదుగా సాగి కృష్ణానదిలో కలియుచున్నది. ఆ కృష్ణ దివిసీమను తన పాయల నడుమ నుంచుకొని హంసలదీవి చెంత సాగరమున చేరుచున్నది. అనగా పాకాల మత్తడి దూకిన నీరు కట్టకడపట చేరునది 1977లో ఉప్పెన ముంచిన ఆ నేలకే.

సముద్రము కూడ అప్పుడప్పుడు ఈ సీమను చూడవచ్చుచుండును. బంగాళాఖాతమున పుట్టిన తుఫానులు తీరము దాటిన పిమ్మట గాలి బలము కోల్పోవును గాని, మోసుకొనివచ్చిన వానను లోపలి నేలలపై కుమ్మరించును. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురము దిక్కున తీరము దాటిన మొంథా తుఫాను, మరునాడు వరంగల్లు, హనుమకొండలలో ఇండ్లలోనికి నీరు తెచ్చినది. కావున తీరవాసులు తమ ఇండ్లను నీటికెదురుగా ఎట్లు సిద్ధపరచుకొనిరో, ఎంత మూల్యము చెల్లించి ఆ విద్య నేర్చుకొనిరో తెలిసికొనుట ఈ ప్రాంతపు పాఠకులకు పరుల కథ కానేరదు.

మోటుపల్లి రాతిపై ఓరుగంటి మాట

తీరపు గాలివానకును ఓరుగంటి సింహాసనమునకును గల సంబంధము ఏడువందల ఎనుబది సంవత్సరముల నాటిది. కాకతీయ గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు రాజ్యమేలెను. ఆతని కాలమున తీరాంధ్రము ఓరుగంటి ఏలుబడిలోనికి వచ్చినది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి నాడు గొప్ప రేవు. అచట 1244 ప్రాంతమున గణపతిదేవుడు చెక్కించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది.

ఆ శాసనమునకు మూలము గాలివానయే. ఒక దేశమునుండి మరొక దేశమునకు పోవు ఓడలు తుఫానులో చిక్కి, పగిలి, తీరమునకు కొట్టుకొనివచ్చినచో, పూర్వపు రాజులు అందలి సరకునంతయు బలవంతముగా గైకొనుచుండెడివారు. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పించెను. నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు సరకుగలవారికే చెందవలెనని శాసించెను. ప్రాణముకంటె ధనమే మిన్నయని తలచి సముద్రయానపు అపాయమునకు సిద్ధపడినవారిపై కనికరముచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును ఈ అభయము నిచ్చుచున్నట్లు అందు చెప్పబడినది.

ఇది ఓడలకు సంబంధించిన శాసనమే గాని ఇండ్లకు సంబంధించినది కాదు. అయినను ఇందొక మూలసూత్రము కలదు. గాలివానను ఆపుట రాజునకును సాధ్యము కాదు. అది రాకమునుపే, వచ్చిన పిదప ఏమి జరుగవలెనో నిర్ణయించి, అందరికిని తెలియునట్లు రాతిపై చెక్కించి పెట్టుట మాత్రము సాధ్యము. తరువాతి శతాబ్దములలో తీరము నేర్చిన పాఠములన్నియు ఈ సూత్రమునకు వ్యాఖ్యానములే.

బందరు, దివిసీమ

తీరమున ఉప్పెన ఎట్లు పుట్టునో ముందుగా తెలిసికొనవలెను. తుఫాను అనగా ఒక కేంద్రము చుట్టును సుడి తిరుగు గాలి. మన తీరమునకు అది వచ్చునపుడు, తీరము దాటు చోటికి ఉత్తరపు దిక్కున గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఆ గాలి గంటలతరబడి నీటిని తీరమువైపు నెట్టును. లోతైన సముద్రమైనచో ఆ నీరు అడుగునకు పోయి సర్దుకొనును. కృష్ణా గోదావరి ముఖద్వారముల వద్ద నదులు తెచ్చిన ఒండ్రువలన సముద్రము లోతు తక్కువ. పోవుటకు దారిలేని నీరు గుట్టవలె లేచి నేలమీదికి వచ్చును. నేల చదునైనందున అది మైళ్ళకొలది లోనికి చొచ్చుకొనిపోవును. కనుక తీరమున ఎక్కువ ప్రాణములు తీయునది గాలి కాదు, నీరు.

గోదావరి ముఖమునందలి కోరంగి రేవు 1789లో ఒకసారి, 1839లో మరొకసారి ఇట్టి ఉప్పెనకు గురియైనది. రెండవ దెబ్బతో ఆ రేవు తేరుకొనలేకపోయినది. 1864 నవంబరు 1 రాత్రి బందరుపై వచ్చిన ఉప్పెన సాధారణమైన పోటుకంటె పదుమూడడుగులు ఎత్తు లేచినదని ఆనాటి ప్రభుత్వ వ్రాతలవలన తెలియుచున్నది. సుమారు 30,000 మంది మరణించిరి. ఎన్నో నూరేండ్లుగా నౌకావ్యాపారమునకు పేరుపొందిన పట్టణము ఒక్క రాత్రిలో శ్మశానమైనది.

ఇంతటి విపత్తును తీరవాసులు మరచిపోవుదురా యని ఎవరైనను అడుగవచ్చును. నూటపదమూడు సంవత్సరములనగా నాలుగైదు తరములు. ముత్తాతకు కలిగిన భయము మునిమనుమనికి కథ యగును, వాని కుమారునకు ఆ కథయు ఉండదు. సముద్రపు అంచున క్రొత్త పల్లెలు వెలసెను, తాటాకు ఇండ్లు లేచెను, కౌలుపొలములకై దూరపు కూలీలు వచ్చి నిలిచిరి.

1977 నవంబరు 19న తుఫాను దివిసీమను కొట్టెను. పదునైదు అడుగులకు పైబడిన కెరటము పది కిలోమీటర్లకు మించి లోనికి చొచ్చుకొనిపోయెను. సొర్లగొంది, నాలి, పాలకాయతిప్ప, హంసలదీవి మున్నగు గ్రామములు చెప్పరాని నష్టమునకు గురియైనవి. మృతులు సుమారు పదివేలని అధికారుల లెక్క. లెక్కకు అందనివారు మరెందరో యని జనుల నమ్మకము. నాడు గాలివాన వచ్చుచున్నదన్న వార్త లేకపోలేదు. కాని సముద్రమే ఇంటిలోనికి వచ్చునన్న ఊహ జనులకు లేదు. ఇల్లు విడిచి ఎక్కడికి పోవలెనన్న ప్రశ్నకు సమాధానమును లేదు. చదునైన ఆ సీమలో నీటికంటె ఎత్తైన గట్టి కట్టడములు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. మట్టిగోడలు నీట నాని కరగెను, తాటాకు కప్పులు గాలికి లేచిపోయెను. గుంజలకు కట్టిన పశువులు కట్టినచోటనే మునిగెను. నీరు తీసిన పిదప బావులన్నియు ఉప్పునీటి గుంటలయ్యెను.

పదమూడేండ్లలో మారినది

ఆ పిమ్మట జరిగిన పని చరిత్రలో చెప్పుకొనదగినది. తీరము పొడవునను తుఫాను రక్షణ భవనములు లేచినవి. ఇవి స్తంభములపై ఎత్తుగా నిలుచును. ఉప్పెన వచ్చినపుడు నీరు భవనమును గుద్దుకొనక క్రిందినుండి సాగిపోవును. పైన జనులుందురు. ఊరకుండునాళ్ళలో ఇవి బడులుగను, గ్రామసభలకు తావుగను ఉపయోగపడును. ఈ రెండవ ఉపయోగము సామాన్యమైనది కాదు. ప్రతిదినము బిడ్డలు పోవు చోటికి దారి అర్ధరాత్రియందైనను తప్పదు. తాళము ఎవరియొద్ద నున్నదో ఊరందరికిని తెలిసియుండును.

పల్లెలలో పక్కా ఇండ్లు కట్టించిరి. సముద్రపుటంచున సరుగుడు తోటలు పెంచిరి. నదీముఖములందలి మడ అడవులు కెరటపు వేగమును తగ్గించునని జనులు గుర్తించిరి. బందరులో తుఫానులను దూరమునుండియే కనిపెట్టు రాడారును నెలకొల్పిరి. రేవులలో ఎగురవేయు అపాయ సూచికల అంకెలు రేడియో మూలమున సామాన్యులకును పరిచితములైనవి.

దీని ఫలము 1990 మే నెల 9వ తేదీన తెలిసివచ్చినది. ఆనాడు కృష్ణా ముఖద్వార ప్రాంతమును కొట్టిన తుఫాను బలమునందు 1977 నాటిదానికి తీసిపోయినది కాదు. కాని అది తీరము చేరుటకు ముందే ఆరు లక్షలకు మించిన జనులను మెరక తావులకు తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోబడి నిలిచినది. అదే సముద్రము, అదే తీరము, అదే జనము. నడుమ గడచినవి పదమూడేండ్లు మాత్రమే. పదివేలకును వేయికిని గల ఈ భేదము ముందుచూపు దక్కించిన ప్రాణముల లెక్క. ఆ వేయి మరణములును తక్కువవి కావు. అయినను ఏది మనుష్యుని చేతిలో నున్నదో, ఏది లేదో ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన స్పష్టమగును.

తీరపు ఇంటి కట్టడిలోను పూర్వపు నేర్పు కొంత కలదు. విశాఖ, శ్రీకాకుళ తీరములందలి చుట్టిండ్లు గుండ్రనివి. మూల లేని గోడను గాలి పట్టి లాగజాలదు. శంఖాకారపు కప్పు మీదుగా అది జారిపోవును. కప్పు నేలకు దగ్గరగా వంగియుండుటచే గాలి క్రిందినుండి దూరి దానిని ఎత్తివేయుట అరుదు. కాని గాలికి నిలిచిన ఇల్లు నీటికి నిలువదు. నీటికి నిలువవలెనన్న ఎత్తు ఒక్కటే ఉపాయము. హాలెండు దేశమున సముద్రపు కట్టలు పోయని పూర్వకాలమునందే జనులు మట్టిదిబ్బలు పోసి, వానిమీద ఇండ్లు కట్టుకొని బ్రదికిరి. మన పెద్దలు అరుగులను ఎత్తుగా కట్టుటలోను ఇదే తెలివి కలదు.

చెరువుల నేలకు వచ్చిన కొత్త ప్రశ్న

ఇక ఓరుగంటి సీమ సంగతి. ఇచటి జలసంపద సముద్రమిచ్చినది కాదు, మనుష్యులు నిలిపినది. పాకాల చెరువును గణపతిదేవుని కాలమున జగదాళ ముమ్మడి కట్టించెను. రామప్ప, లక్నవరము మున్నగునవి ఆ యుగపు కీర్తులే. ఒక చెరువు మత్తడి నీరు క్రింది చెరువునకు, దాని మత్తడి మరొకదానికి చేరునట్లు గొలుసుకట్టుగా వీనిని ఏర్పరచిరి. ఈ ఏర్పాటు ఎంత మేలైనదో అంత అపాయము కలది. పైచెరువునకు గండి పడినచో ఆ నీరు క్రిందిచెరువునకు మోయరాని బరువగును. అందుచేతనే చెరువునకు కట్టతోపాటు నీరు పోవు దారియు ముఖ్యమని పూర్వులెరుగుదురు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనము 1369 నాటిది. అందు చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను పేర్కొనిరి. కట్ట ఊటలు కారుట ఒక దోషము. తావు స్వల్పమై నీరు అధికమగుట మరియొక దోషము. నేటి పట్టణములలో వీథులు మునుగుటకు ఈ కడపటి దోషమే కారణము కాదా? నీటి తావును తగ్గించినది మనుష్యులే.

పాత ఊళ్ళలో కట్టను కనిపెట్టి, తూము తీసి మూయుటకు నీరటి యుండెడివాడు. కట్టమైసమ్మకు బోనము తీసికొనిపోయిన ఊరివారు కట్ట పొడవును కన్నులార చూచివచ్చెడివారు. మరమ్మతునకు ఊరంతయు తట్టపార పట్టెడిది. బావులు, బోరులు వచ్చిన పిదప చెరువుపై ఆధారపడుట తగ్గెను; ఆధారము తగ్గినకొలది కనిపెట్టుటయు తగ్గెను. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకము తెలంగాణమందలి 46 వేలకు పైబడిన చెరువుల పూడిక తీసి బాగుచేయ సంకల్పించినది. పూడిక తీసిన చెరువునకు నీటివాలు కాల్వలును, మత్తడి క్రింది వాగులును తెరపిగా నుండవలెను. ఆ దారులలో ఇండ్లు లేచినచో నీరు తన పాత దారిని మరచునా? 2020 ఆగస్టులో హనుమకొండ నయీంనగర్ ప్రాంతము మునిగినపుడు జనులు చూచినది ఇదియే.

తెలుగునాట లోపలి నేలలును విపత్తు చూడనివి కావు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో సుమారు పదునైదువేల మందిని పొట్టన పెట్టుకొనెను. అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు పైకెక్కి నూటయేబది మంది బ్రదికిరి. ఆ చెట్టు నేటికిని గౌరవింపబడుచున్నది. ఆ వరద పిమ్మటనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల నిర్మాణము జరిగెను.

అయితే పాత అనుభవము ఒక్కటే చాలదని 2023 చెప్పినది. ఆ సంవత్సరము జులై 27 ఉదయమునకు ముగిసిన ఇరువదినాలుగు గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. అంతకు ముందు, 2013 జులైలో వాజేడున పడిన 517.5 మిల్లీమీటర్లే తెలంగాణమున పెద్దలెక్క. ఆ రాత్రి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తెను. నిద్రలోనుండి లేచిన జనులు ఇంటికప్పులపైకి, చెట్లపైకి ఎక్కి తెల్లవార్లు గడపిరి. హెలికాప్టరులు, పడవలు వచ్చి వారిని కాపాడెను; అయినను కొందరు కొట్టుకొనిపోయిరి. ఏటూరునాగారము చెంత కొండాయిలో జంపన్నవాగు ప్రాణములు గొనెను. రెండుదినములకు వరంగల్లు భద్రకాళి చెరువు కట్టకు గండి పడెను. తాతలనాడు కూడ నీరు ఇంతవరకు రాలేదన్న ధైర్యము ఆ రాత్రితో తీరినది. తాతలు చూచిన దానిని మరువరాదు. తాతలు చూడనిదియు రాగలదని తలపవలెను.

ఇంటికి కావలసినది, ఊరికి కావలసినది

తీరపు చరిత్రనుండి ఇంటివారు గ్రహింపదగిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. క్రొత్త ఇల్లు కట్టువారు వాగుదారిని, మత్తడి క్రింది నేలను విడువవలెను. చవుకగా వచ్చిన స్థలమైనను అది నీటి సొత్తు. ఇంటి అడుగుమట్టము ఎరిగిన వరద గుర్తుకంటె ఎత్తుగా నుండవలెను. మట్టిగోడల ఇండ్లకు కనీసము మోకాలెత్తువరకు రాతికట్టుబడి మేలు. గుమ్మిలోని గింజలలో ఒక భాగమైనను అటుకపై నుండవలెను; విత్తనమైనచో తప్పక నుండవలెను. పట్టాదారు పుస్తకము, బిడ్డల చదువు కాగితములు, మందులు నీరు దూరని సంచిలో ఒకే చోట నుండవలెను. నీరు గడప చేరకమునుపే కరెంటు మెయిను తీసివేయవలెను. పశువుల పలుపులు విప్పవలెను. విడిచిన పశువు ఈదుకొని మెరక చేరును. త్రాగునీటిని ముందే మూతగల పాత్రలలో నింపుకొనవలెను. వరద తీసిన పిదప బావినీటిని కాచక త్రాగరాదు. తీరమందైనచో మరొక హెచ్చరిక కలదు: తుఫాను నడుమ గాలి చటుక్కున నిలిచినచో అది ముగిసినదని బయటికి పోరాదు. కేంద్రము దాటగనే గాలి ఎదురు దిక్కునుండి మరల వీచును.

ముసలివారు, బాలింతలు, నడువలేనివారు ఏ ఇంట నున్నారో, వారిని ఎవరు ఎత్తుకొనిపోవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. అర్ధరాత్రి నీరు నడుములోతు వచ్చిన పిమ్మట ఈ నిర్ణయమునకు వ్యవధి యుండదు.

ఇంటితో తీరని పని ఊరిది. భద్రాచలమున గోదావరి నీటిమట్టము 43 అడుగులు చేరిన మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. అక్షరము రాని పడవవాడును ఆ అంకెలను ఎరుగును. 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు నది చేరినదన్న లెక్క అచటి జనులకు కంఠస్థము. చిన్న ఊళ్ళకును ఇట్టి లెక్క కావలెను. మత్తడిపై ఎంత నీరు పోయిన ఏ వాడకు అపాయమో కట్టపై ఒక రాతిగుర్తు తెలుపగలదు. ఏ సంవత్సరము నీరు ఎంతవరకు వచ్చెనో బడిగోడపై ఒక రంగుగీత చెప్పగలదు.

ఈ పనికి గ్రంథాలయము తగిన తావు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు పుస్తకమును భద్రపరచుటతోడనే తమ పని ముగిసినదని తలపలేదు. ఊరి తెలివి ఊరివారికి దక్కవలెనని తలచిరి. చెరువు ఎప్పుడు నిండెను, ఎన్నడు మత్తడి పోసెను, ఎక్కడ గండి పడెను, ఏ ఇండ్లు కూలెను అనునది వ్రాసియుంచు పుస్తకమొకటి ప్రతి గ్రంథాలయమున నుండదగును. బందరువారి భయము నాలుగు తరములలో మాసిపోయినది. వ్రాసి, యేటేట చదివినది అంత సులభముగ మాయదు. ఆ పుస్తకమును మాత్రము క్రింది అరలో నుంచరాదు.